సర్వర్ లేచేదాకా

రీస్టార్ట్ అని కొట్టి ఎంటర్ నొక్కిన వేలు ఇంకా మీట మీదే ఉంది. తెర మీది తెల్లటి అక్షరాలన్నీ ఒక్కసారే పోయి నలుపు మిగిలింది, ఆ నలుపులో తన ముఖమే మసకగా కనబడితే వేదవతి చూపు తిప్పుకుంది. లోపల ఫ్యాన్లు ఆగినట్టే ఆగి, అంతలోనే గదంతా అదిరేలా రొద పెట్టాయి. గది అంటే గది కాదు, ఎల్బీనగర్‌లో ఈ ఆసుపత్రి కట్టినప్పుడు మెట్ల కింద స్ట్రెచర్లు పెట్టుకోవడానికని వదిలేసిన మూల. దానికి ఏసీ బిగించి, తలుపు పెట్టి, సర్వర్‌ను నిలబెట్టారు. నిలబడితే తల మెట్లకు తగులుతుంది, కూర్చుంటే మోకాళ్లు గోడకు తగులుతాయి. పైన మెట్ల మీద ఎవరో దిగుతున్నారు, ఎవరో ఎక్కుతున్నారు, చప్పుళ్లన్నీ సరిగ్గా నెత్తి మీదే. ఇక చేసేదేం లేదు. అది లేవాలి. ఇంట్లో కంప్యూటర్ లాగా చిటికెలో లేచే రకం కాదిది, ఒంట్లో ఉన్న ప్రతి ముక్కనూ పేరుపేరునా పలకరించి, ఉన్నావా, బాగున్నావా అని అడిగి, జవాబు వచ్చాకే పక్కదాని దగ్గరకు పోతుంది. మామూలు రోజుల్లో ఈ సందులో వేదవతి వెళ్లి చాయ్ తాగి వచ్చేది. ఇవాళ లేవలేకపోయింది. చున్నీ కొసన ముడి ఉంది. ఆ ముడిలో ఇంద్రమ్మ కమ్మలు, ముక్కుపుడక ఉన్నాయి.

కమ్మలు తీయడానికే ఎంత పేచీ పెట్టింది! పెండ్లి నాడు పెట్టుకున్నయి, తియ్యనే తియ్యనంది, స్కాన్‌లో ఇనుము, బంగారం ఏదున్నా బొమ్మ చెడిపోతుందత్తా అని బతిమాలితే, నువ్వు తీస్తెనే తీస్త, ఆ పిల్ల చేతులు సల్లగున్నయని నర్సును తోసేసింది. చెవులు ముట్టుకుంటే కాలిపోతున్నాయి. పొద్దున బాత్రూంలోంచి వస్తూ గోడ పట్టుకుని నిలబడిపోయిందట, తలకాయ పగిలిపోతుందని ఒక్క మాట అంటూనే వాంతి చేసుకుందట. ఆమె భర్త రామచంద్రం మామకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎన్ని దవాఖానలు లేవు, ఇంటి సందు దాటితే రోడ్డుకు రెండు వైపులా అవే, అయినా ఆటో ఎక్కించి నేరుగా ఇక్కడికే పట్టుకొచ్చాడు. మన వేద ఉంది కదా అన్నాడట. మన వేద ఏం చేస్తుందో ఆయనకు తెలియదు, పక్కింటివాళ్లతో డాక్టరమ్మ లెక్కనే అని కూడా చెబుతాడు, వద్దు మామా అంటే వినడు. మన వేద మెట్ల కింద కూర్చుంటుంది. మన వేద చేతిలో స్టెతస్కోపు లేదు, ఒక కీబోర్డు ఉంది, అందులో ఒక అక్షరం అరిగిపోయింది.

స్కాన్ చూసి మౌనిక డాక్టర్ తానే బయటికి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ తల ఎత్తకుండా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, స్కాన్‌లు చదవడమే పని, పేషెంట్ల ముఖాలు చూడదు. ఆవిడ లేచి వరండాలోకి వచ్చిందంటే ఏదో ఉన్నట్టే. గుంటూరు వైపు మాట, మెత్తగా ఉంటుంది, ఆ మెత్తదనమే భయపెట్టింది. "కుడిచెవి పైన, లోపల, పెసరగింజంత తెల్లమచ్చ కనబడుతోందండీ. పాతదైతే ఏం భయం లేదు, ఎప్పటిదో గట్టిపడి ఉండిపోయినట్టే. కొత్తదైతే మాత్రం ఈ పూటే పెద్దాసుపత్రికి పంపేయాలి, తల తెరవాల్సి రావచ్చు. ఈవిడకి ఇక్కడే ఇదివరకు స్కాన్ తీశారని రికార్డులో ఉంది. ఆ బొమ్మ పక్కన పెట్టి చూస్తే చెప్పేస్తాను. కానీ తెరుచుకోవట్లేదు, స్టోరేజ్ దొరకలేదంటోంది. ఏమైందో కాస్త చూస్తారా?" తెల్లారుజామున సర్వర్ తనంతట తానే అప్‌డేట్ అయిన సంగతి వేదవతికి తెలుసు. పొద్దున్నుంచీ అది పాత బొమ్మలు చూపించడం లేదనీ తెలుసు, ఆ పని మీదే ఉంది కూడా, నెమ్మదిగా చేద్దాం, కొత్త స్కాన్‌లు నడుస్తున్నాయి కదా అనుకుంది. పాత బొమ్మ ఎవరికి అంత అర్జెంటు, అనుకుంది.

ఆ పాత స్కాన్ రోజు కూడా గుర్తుంది. డాబా మీద ఒడియాలు ఎండబెట్టి దిగుతూ జారిపడింది ఇంద్రమ్మత్త, తలకు బొప్పి కట్టింది, అయినా ఒడియాల మీద గుడ్డ కప్పిన్రా లేదా అని అడుగుతూనే వచ్చింది. అప్పుడు తీసిన ఫిల్ము ఇంట్లో బీరువా కింది అరలో పెట్టారు. ఆ తర్వాత వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి వీధులన్నీ మునిగినప్పుడు నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి, ఫిల్ములూ పెళ్లి ఫోటోలూ ఒకదానికొకటి అతుక్కుని అట్టముక్కలయ్యాయి. ఎండలో ఆరబెట్టి విడదీస్తే ముఖాలు ఊడివచ్చాయి. ఇక ఆ తల లోపలి బొమ్మ ఇవాళ ఎక్కడైనా తెరుచుకుంటుందంటే ఈ డబ్బాలోనే. ఇంకో నకలు ఉంది, దూరంగా వేరే చోట దాచి ఉంది, తెప్పించాలంటే రేపటి మాట. డాక్టర్ ఈ పూట అంటోంది.

తెర ఇంకా నల్లగానే ఉంది. తీయకూడనిది తీసేశానా? లేదు. చూసే తీసింది. ఒకటికి నాలుగుసార్లు చూసింది. ఈ సర్వర్‌కు కిటికీలు లేవు, బొమ్మలు లేవు, మౌస్‌తో నొక్కడానికి ఏమీ లేదు, ఏం కావాలన్నా నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి అడగాలి. నీకున్న ముక్కల్లో జబ్బుగా ఉన్నదేదో చెప్పు అని అడిగితే, డిస్కులను నడిపే కార్డు పేరు చెప్పింది, ఈ పరికరం మొదలుకాలేకపోతోంది అంది. అప్‌డేట్ తెచ్చిన కొత్త డ్రైవర్ ఆ పాత కార్డుకు పడలేదు. అంతే రోగం. కొత్తది తీసేసి పాతది ఎక్కించాలి, పాతది తన పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ ఉంటుంది, ముందు దాన్ని ఎక్కించింది, బాగానే తీసుకుంది. తీసేయడం దగ్గరే చెయ్యి ఆగింది. ఆ కంపెనీ కార్డులు ఈ డబ్బాలో రెండున్నాయి. ఒకటి ఏళ్ల తరబడి తీసిన స్కాన్‌లు దాచిన డిస్కులది, రెండోది సర్వర్ తానే లేవడానికి వాడుకునే డిస్కులది. డ్రైవర్ల జాబితా అడిగితే రెండు పేర్లు కవల పిల్లల్లా పక్కపక్కన నిలబడ్డాయి, ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకదానికి పధ్నాలుగని, ఇంకోదానికి పదిహేడని పేరు. సరైనది తీసేస్తే స్కాన్‌లు వస్తాయి. రెండోది తీసేస్తే సర్వర్ ఇక లేవదు. ఆసుపత్రి ల్యాండ్‌లైన్ నుంచి కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే పాట వినిపించారు, మీ కాల్ మాకు ముఖ్యం అన్నారు, మళ్లీ పాట. రిసీవర్ పక్కన పడేసి, కార్డులనే విడివిడిగా అడిగింది, నీ డ్రైవర్ ఏది, మరి నీది? జబ్బు కార్డు పదిహేడు అంది. తేదీ చూసింది, కొత్తది. అయినా చెప్పలేం. డిలీట్ డ్రైవర్ అని కొట్టి, పదిహేడు పేరు కొట్టి, చివర ఫోర్స్ అని కూడా కొట్టి, చూసి, ఆ మాట అక్షరం అక్షరం చెరిపేసింది. బలవంతంగా తీసెయ్యమంటే అది ఎదురు చెప్పదు. ఇవాళ అది ఎదురు చెప్పాలి, తాను తప్పు చేస్తుంటే వద్దనాలి. వద్దనలేదు. తీసేశాను అంది. అక్షరాల్లోనే, ఒక్క లైనులో, ఏ గొంతూ లేకుండా.

డ్రైవర్ అన్న మాట మొదటిసారి ఇంద్రమ్మత్తకు చెప్పిన రోజు... అదెప్పుడు, ఇంటర్ అయిపోయాకనా, అమ్మ పోయిన మరుసటేడు. మామ ప్లాట్ల ఆఫీసులో దర్జాగా ఉంటుందని ఒక కంప్యూటర్ కొన్నాడు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, టేబుల్ మీద పూలదండ వేసిన ఫోటోలా ఉండేది. తర్వాత ఆఫీసు మూసేసి ఇంటికి తెచ్చి కింద వాకిట్లోని గదిలో పెడితే, వేద చదువుతున్నది గదే గదా, దానికియ్యుర్రి, అని అత్తే అంది. వేదవతి మొదటి వారంలోనే దాన్ని మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించింది, అన్నీ వచ్చాయి, గొంతు రాలేదు. స్పీకర్లున్నాయి, వైర్లున్నాయి, చప్పుడు లేదు. పాడు చేశానేమోనని ఏడుపు ముంచుకొచ్చింది, మామకు తెలిస్తే? అత్త చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఏమైందే అంది. డ్రైవర్ లేదత్తా అంది. "డ్రైవరా? గీ డబ్బల డ్రైవరెందుకే?" అని ఆమె అడిగితే, తనకూ సరిగ్గా తెలియనిదాన్ని తడుముకుంటూ చెప్పింది, గొంతు ఎట్ల పలకాల్నో కంప్యూటర్‌కు తెలవదత్తా, ఈ ముక్కను ఎట్ల నడపాల్నో చెప్పే చిన్న ప్రోగ్రామ్ అది, అది లేకుంటే ముక్క ఉన్నా లేనట్టే. "గట్లనా" అని ఇంద్రమ్మ ఈనెలు తీస్తూ కూర్చుంది, చీకటి పడేదాకా లేవలేదు, మామ అన్నం అని పిలిస్తే జర ఆగుర్రి, పిల్లకు డ్రైవర్ దొరకలేదు అంది. సీడీలు మార్చి మార్చి చివరికి ఒకటి పట్టింది. ఒక్కసారిగా స్పీకర్లలోంచి గంట కొట్టినట్టు చప్పుడు వచ్చేసరికి అత్త ఉలిక్కిపడింది, గిన్నె ఒళ్లోంచి జారి చిక్కుడుకాయలన్నీ గచ్చు మీద. ఇద్దరూ వాటిని ఏరుతూ ఎంత నవ్వారో, నవ్వుతూనే వేదవతి ఏడ్చింది, ఆమె చూసీ చూడనట్టు ఏరుతూనే ఉంది.

ఆ ఏడుపు కంప్యూటర్ కోసం కాదు. ఆ ముందటేడు సర్కారు దవాఖానలో రానిది అప్పుడు వచ్చింది. నల్లగొండ నుంచి వచ్చి ఇంద్రమ్మ ఇంటి పైగదుల్లో కిరాయికి దిగినప్పుడు వేదవతి చిన్నపిల్ల, నాన్న సీతారాములు ఆర్టీసీలో కండక్టర్, అమ్మ అండాలమ్మ మిషను కుట్టేది. వేదవతి ఇంటర్‌లో ఉండగా అమ్మకు కామెర్లు ముదిరాయి. వార్డు తలుపు మూసి ఉంది. ఎదురుగా బల్ల మీద వేదవతి. నాన్న మందుల కోసం పోయాడు, ఇంకో మందు కోసం మళ్లీ పోయాడు, ఆయనకు తిరగడానికైనా ఒక పని ఉంది. తనకు ఏదీ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, నిశ్శబ్దం అని రాసిన బోర్డును మళ్లీ మళ్లీ చదువుతూ, లోపల ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో, దేనికోసం ఎదురుచూస్తోందో కూడా తెలియకుండా. తలుపు తెరుచుకున్నప్పుడు వచ్చినాయన తల అడ్డంగా ఊపాడు, అంతే చెప్పాడు. పక్కన ఇంద్రమ్మత్త ఉంది. ఎప్పుడొచ్చిందో. ఆ తర్వాత చాలా రోజులు పైన పొయ్యి వెలిగించనివ్వలేదు, మా ఇంట్లనే తినుర్రి అంది, పొద్దున్నే పైకి వచ్చి జడ వేసేది, గట్టిగా లాగి, నొప్పి పుట్టేలా వేసేది, ఆ నొప్పి ఎంతో బాగుండేది.

తెర మీద చిన్న తెల్లటి గీత వెలిగింది. కంపెనీ గుర్తు వచ్చింది. వేదవతి కుర్చీలో ముందుకు జరిగితే మోకాలు గోడకు తగిలింది. జ్ఞాపకం ఇన్ని మెగాబైట్లు అంది, సరే, తెలుసు, ముందుకు పో. మొదటి కార్డు, ఉంది. దాని డిస్కులు, ఉన్నాయి. రెండో కార్డు... ఆగింది. అక్కడ ఎప్పుడూ కాసేపు ఆగుతుంది, ఎప్పుడూ ఇంతసేపా? గుర్తు రావడం లేదు, మామూలు రోజుల్లో ఎవరు చూశారు, చాయ్ దగ్గర ఉండేది కదా. అప్పుడే తలుపు మీద కొట్టారు. రామచంద్రం. పంచె కట్టిన పెద్దమనిషి, తల వంచి మెట్ల కిందికి తొంగి చూస్తున్నాడు, ముఖం సగమైపోయింది.

"బిడ్డా, మా కొడుకు మహేష్ ఫోన్ చేసిండు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటిండంట, ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడు. వాడొచ్చేదాక ఆగాల్నా, పెద్ద దవాఖానకు తీస్కపోవాల్నా? నాకేం సమజైతలేదు."

"జర ఆగు మామా. గిది లేస్తే తెలుస్తది."

"గిదా?" అని ఆయన ఆ డబ్బా వైపు చూశాడు. "గీ పెట్టెల ఉన్నదా, మీ అత్త సంగతి?"

"గిండ్లనే ఉంది."

ఆయన వెళ్లిపోతాడనుకుంది, వెళ్లలేదు, తలుపు చెక్కకు ఆనుకుని నిలబడ్డాడు, ఇద్దరూ ఆ నల్లటి తెరను చూస్తూ ఉండిపోయారు. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ని పిలుస్తున్నాడో. వేదవతి ఎవరినీ పిలవలేదు, పదిహేడే, పదిహేడే తీశాను, పధ్నాలుగు కాదు, అని లోపల అనుకుంటూనే ఉంది, ఆ అంకెలకు అర్థం పోయి వట్టి చప్పుడు మిగిలేదాకా. రెండో కార్డు, ఉంది అంది తెర. తర్వాత చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. తిరిగాయి. తిరుగుతూనే ఉన్నాయి. పాస్‌వర్డ్ అడిగింది. లేచింది. లేచిందంటే తీసింది పధ్నాలుగు కాదు. పాస్‌వర్డ్ మొదటిసారి తప్పు పడింది, రెండోసారి మెల్లగా ఒక్కొక్క అక్షరం కొట్టింది. జబ్బుగా ఉన్న పరికరాలు చెప్పు. ఏవీ లేవు అంది. డిస్కులు చెప్పు. అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, చివరిది, పెద్దది, స్కాన్‌ల డిస్కు, ఆరోగ్యంగా ఉన్నాను అంది. వేదవతికి నవ్వో దగ్గో తెలియనిది ఒకటి వచ్చింది. ఆమె ముఖం చూసి రామచంద్రం "ఏమాయె?" అన్నాడు. "లేచింది మామా, లేచింది" అని మాత్రం అనగలిగింది, మౌనిక డాక్టర్‌కు ఫోన్ కలుపుతూనే మెట్లు ఎక్కింది, తల మెట్టుకు తగిలింది, నొప్పి తర్వాత తెలిసింది.

పైన స్కాన్‌ల గదిలో చీకటిగా ఉంది, డాక్టర్ ముందు రెండు తెరలు. ఎడమ తెర మీద పొద్దుటి తల. కుడి తెర మీద గింజలు గింజలుగా, మెల్లగా, పాత తల దిగుతోంది. వేదవతి ఈ గదికి ఎన్నిసార్లు వచ్చింది, వైర్లు చూసుకుని పోయేది, తెరల మీది తలలు ఎవరివో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇది ఇంద్రమ్మత్త తల. ఆ బూడిదరంగు మడతల్లోనే ఎక్కడో ఒడియాలున్నాయి, చిక్కుడుకాయలున్నాయి, గట్టిగా లాగి వేసిన జడలున్నాయి, కానీ అవి ఏ స్కాన్‌లోనూ కనబడవు. డాక్టర్ మౌస్ చక్రం తిప్పుతోంది, రెండు తలలూ పక్కపక్కన లోపలికి, ఇంకా లోపలికి పోతున్నాయి. కుడిచెవి పైన ఆగింది. ఎడమ తెర మీద తెల్లమచ్చ. కుడి తెర మీద... ఆవిడ వెలుతురు పెంచింది. తెల్లమచ్చ. అదే చోట. కొలిచింది. మళ్లీ కొలిచింది. కుర్చీ వెనక్కి నెట్టింది.

"అదే. కాస్త కూడా పెరగలేదండీ. అప్పుడెంతో ఇప్పుడూ అంతే. కొత్తది ఏం లేదు."

వేదవతి థాంక్స్ అనాలి, మరి తలనొప్పి ఎందుకని అడగాలి. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. డాక్టరే అంది, బీపీ బాగా ఎక్కువుందని కింద చూశారు, గోళీలు సరిగా వేసుకుంటున్నారా అని అడగండి, ఫిజీషియన్ గారు ఇప్పుడే చూస్తారు, సాయంత్రం దాకా ఉంచి పంపించేస్తారులెండి. చీకటి గదిలోంచి వరండాలోకి వస్తే వెలుతురు కళ్లలో పొడిచింది. ఆ వెలుతురులో మనుషులు, చీటీలు, ఏడుస్తున్న పసిపిల్ల, టిఫిన్ డబ్బా మోసుకుపోతున్న ఒకామె, అన్నీ ఎప్పుడూ ఉన్నవే, ఇవాళ చాలా బాగున్నాయి. మామకు చెబితే ఆయన గోడ పక్క కుర్చీలో కూర్చుని పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. మహేష్‌కు చెప్పమంటే నువ్వే చెప్పు బిడ్డా, నాతోని కాదు అన్నాడు. ఫోన్‌లో హారన్ల మధ్య మహేష్ "అక్కా, నేను జర బండి పక్కకు ఆపుకుంట" అన్నాడు.

గోళీల సంగతి అడిగితే ఇంద్రమ్మ పడక మీద పక్కకు తిరిగి పడుకుంది. ఉపవాసాలు పట్టిందట, ఉపవాసంలో గోళీలెట్ల మింగుతరు అంది. ఎన్నాళ్లుగా అని అడిగితే ఇంకా పక్కకు తిరిగింది. వేదవతికి కోపం రావాలి. రాలేదు. చున్నీ ముడి విప్పి కమ్మలు పెడుతుంటే చెవులు ఇప్పుడు అంత కాలడం లేదు, మందు ఎక్కుతోంది. మెల్లగ పెట్టవే, జడ ఏసినట్టు గుంజకు, అని ఇంద్రమ్మే అంది. మళ్లీ కిందికి దిగి, ఇంకో పని మిగిలింది కదా, ఈ కార్డు డ్రైవర్‌ను నువ్వు ముట్టుకోవద్దు అని సర్వర్‌కు గట్టిగా చెప్పి, ఇకముందు ఏ అప్‌డేటైనా తాను చూడనిదే ఎక్కకుండా కట్టడి చేసింది. పక్కన పడేసిన రిసీవర్‌లో కంపెనీ పాట ఇంకా వస్తూనే ఉంది. ఎవరో అమ్మాయి హఠాత్తుగా పలికింది, చెప్పండి మేడం, మీ సమస్య ఏమిటి? ఏం లేదమ్మా, అంతా బాగుంది, అంది వేదవతి, అంత ప్రేమగా ఆ మాట ఎవరికీ చెప్పి ఉండదు.

సాయంత్రం ముగ్గురూ ఆటో ఎక్కారు. మహేష్ కారులో వస్తానన్నాడు కానీ ఇంద్రమ్మ ఆగనంది, దవాఖాన వాసన ముక్కుల నుంచి పోతలేదంది. చైతన్యపురి దగ్గర మెట్రో స్తంభాల కింద బండ్లన్నీ నిలిచిపోయాయి, పైన రైలు దిల్‌సుఖ్‌నగర్ వైపు నింపాదిగా వెళ్లిపోయింది, పండ్ల బండివాడు బత్తాయిలు తుడిచి తుడిచి పేర్చుకుంటున్నాడు. రామచంద్రం కునికిపాట్లు పడుతున్నాడు. ఇంద్రమ్మ బయటికి చూస్తోంది. బయటికే చూస్తూ, "ఆ గుండ్రటి మిషన్‌లకు పంపినప్పుడు నాకు భయమైందే వేదా" అంది. ఈ మనిషి నోట ఆ మాట ఎన్నడూ వినలేదు, చెరువు ఇంట్లోకి వచ్చిన రాత్రి కూడా. ఏం కాదత్తా, అందామనుకుంది, అది అబద్ధంలా అనిపించింది. "నాకు గూడ అయింది అత్తా" అంది. ఇంద్రమ్మ తల తిప్పి చూసింది, చూసి, చేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది, అరచేతిని తిప్పి చూసి మళ్లీ మూసింది.

ఆటోడ్రైవర్ అద్దంలోంచి అడిగాడు, "అమ్మా, గిట్ల పోతె లేటైతది. సందులకెళ్లి తీస్కపోనా, జల్ది పోతం?"

"వద్దు నాయనా, సీదనే పో," అంది ఇంద్రమ్మ. "మాకేం తొందర లేదు."